కూసొని తిట్టన్నా

“దేవుని మందిరంల తంబాకు వాసనేంది? రేపటి సంది ఒక్క బీడీల చాట సుత లోపటికి రావద్దు,” అన్నాడు సంఘపెద్ద.

“చాట బయట పెట్టుమంటే ఈ ఆడోళ్ళు సుత బయటనే ఉంటరన్నా. బీడీలు చుట్టకుంటే వాళ్ళ పొయ్యి ఎట్ల వెలుగుతది?” అన్నాడు మా పాస్టరు.

“అయితే నువ్వు సుత బయటనే ఉండు. మందిరం నడిచే ఈ షెడ్డు నాది. పొద్దుగాల తాళమేస్త.”

పాస్టరు తన స్టూలు తుడిచి ఆయన ముందు పెట్టాడు. “నిలబడితే కాళ్ళు నొస్తయి. కూసొని తిట్టన్నా,” అని తాను నేల మీద కూర్చున్నాడు. ఎవరు తిట్టడానికి వచ్చినా ఆయన చేసేది అదే. తిట్లు అయిపోయేదాకా మధ్యలో మాట అందుకోడు. ఒక్క బీడీ ఆకు పాడుచేసినా కోడలిని తిట్టే మనిషిని నేను. ఆ ఓపిక నాకు చేతగానితనంలా కనిపించేది.

ఆ రోజు మాత్రం చుట్టుతున్న బీడీ మీదికే తల వంచాను. నా కొడుకు పనిచేసేది ఆ సంఘపెద్ద మరమగ్గాల మీదే. నేను ఒక్క మాట అంటే వాడి పని పోతుంది. అయినా ఒళ్ళో చాట పక్కన పెట్టి లేవబోయాను. పాస్టరు నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. భార్య, పసిబిడ్డతో ఆయన కాపురం ఉండేది ఆ షెడ్డు వెనక గదిలోనే.

తెల్లవారి సంఘపెద్ద తాళంతో వచ్చాడు. పాస్టరు అప్పటికే షెడ్డు ఊడ్చి ఉంచాడు. పాటల పుస్తకాలు ఏ మూలన ఉన్నాయో ఆయనకు చెప్పి, బిడ్డను భుజాన వేసుకున్నాడు. భార్యాభర్తలు చెరో వైపు పట్టుకొని పెట్టె మోసుకుపోయారు. మేమంతా మా ఇళ్ళ గుమ్మాల్లో నిలబడ్డాం. నేను కూడా.