పెరుగుదల లేని బడి

కరోనా తర్వాత బడులు తెరుచుకున్న రెండో ఏడాది, జూన్‌లో, నస్పూర్ నుంచి బస్సులో పోయే ఒక బొగ్గుగనుల మండలానికి నన్ను మండల విద్యాధికారిగా వేశారు. నా అసలు పోస్టు ఉన్నత పాఠశాల గెజిటెడ్ హెడ్మాస్టరు. మండల విద్యాధికారి పని అదనపు బాధ్యత, అంటే కుర్చీలు రెండు, జీతం ఒకటి. మాలో చాలామందిమి అట్లాగే పనిచేశాం. మండలం పేరు రాయడం లేదు. అక్కడి టీచర్లు ఇంకా సర్వీసులో ఉన్నారు, నా వల్ల వాళ్లకు కొత్త తలనొప్పి అక్కర్లేదు. నేను మాత్రం రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నాను. నాకు మెమో ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి ఉన్నమాట రాస్తాను.

అప్పటికి ప్రాథమిక బడుల్లో చదువు బాగు చేయడానికని ఒక కార్యక్రమం నడుస్తోంది. దాని పద్ధతి ఇది. జూలైలో వేరే కాంప్లెక్సు నుంచి సీఆర్పీ వస్తాడు. కాంప్లెక్సు అంటే దగ్గరదగ్గరగా ఉన్న కొన్ని బడులు, సీఆర్పీ అంటే వాటికి కలిపి ఒకరు చొప్పున ఒప్పందం మీద పనిచేసే ఉద్యోగి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చేతికో కార్డు ఇస్తాడు. దాని మీద మొదట అక్షరాలు, తర్వాత పదాలు, ఆ కింద వాక్యాలు, చివర చిన్న కథ ఉంటాయి. పిల్ల ఎక్కడ ఆగితే అదే ఆ పిల్ల స్థాయి. అక్కడికక్కడే ట్యాబ్‌లోని యాప్‌లో ఎక్కిస్తాడు. దీన్ని బేస్‌లైన్ అంటారు. అక్షరాల దగ్గర ఆగినవాళ్లు ఒక గుంపు, పదాల దగ్గర ఆగినవాళ్లు ఇంకో గుంపు, రోజూ పొద్దున గుంపుల వారీగా పాఠం. మార్చిలో మళ్లీ అదే కార్డు. అది ఎండ్‌లైన్. రెండింటికీ మధ్య ఉన్న తేడాకు పెరుగుదల అని పేరు. తేడా ఎక్కువున్న బడికి తెర మీద ఆకుపచ్చ రంగు, లేని బడికి ఎరుపు. టీచరు పనితనాన్ని కూడా ఆ రంగుతోనే తేల్చేవారు.

కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి లేదు. నేనూ మొదట్లో మెచ్చుకున్నవాణ్ణే.

ఆ మండలంలో గని కార్మికుల కాలనీని ఆనుకుని ఉన్న బడిలో సలోమి టీచర్ పనిచేసేవారు. ఆమె ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే టీచరు. ఆదివారం చర్చిలో పిల్లల చేత పాటలు పాడించే గొంతు ఆమెది, తరగతిలోనూ అదే గొంతు. ఆమె బడిలో ఒక నియమం ఉండేది. పిల్లలు జంటలుగా కూర్చోవాలి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు తప్పు పట్టాలి. తప్పు జారిపోయిందా, ఇద్దరూ మొదటి నుంచి చదవాలి. ఆమె వచ్చాక కాలనీవాళ్లు ప్రైవేటు బడి వ్యాన్లు మానిపించి పిల్లల్ని అక్కడ చేర్పించారు. బేస్‌లైన్ రోజు నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు కార్డు అందుకుని కథ దాకా గడగడా చదివేశారు. ఒక పిల్లవాడైతే "గింతేనా సార్, ఇంకోటి లేదా?" అని సీఆర్పీని అడిగాడు. ఆ పూట నాకు కడుపు నిండింది.

మార్చిలో అదే బడికి ఎరుపు రంగు పడింది. పడక ఏమవుతుంది? జూలైలో కథ చదివిన పిల్లలు మార్చిలోనూ కథే చదివారు. తేడా సున్నా.

జిల్లా సమీక్షలో ఎరుపు వచ్చిన టీచర్లను పేరు పెట్టి పిలిచి నిలబెట్టారు. హాలు నిండా మనుషులు. సలోమి టీచర్ కూడా లేచి నిలబడ్డారు. ఆ కార్యక్రమం బాధ్యత చూసే జిల్లా అధికారి మైకు పట్టుకుని, ఏడాది పొడుగునా జీతం తీసుకుని ఏం చేశారని అడిగాడు. ఆమె తడబడలేదు.

"సార్, నా పిల్లలు జూలైలనే కథ సదివిన్రు. కార్డు మీద కథ తర్వాత ఏం లేదు. ఇగ ఏడికి పెరగాలె?"

హాల్లో కొందరు నవ్వారు. అధికారి నవ్వలేదు, సాకులు చెప్పొద్దన్నాడు. ఆ వెంటనే పక్క ఊరి బడి హెడ్మాస్టరు రాజేశం సార్‌ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన పిల్లలు అక్షరాల నుంచి ఏకంగా కథకు ఎక్కారట. నేను లేచి, ముందే పైన ఉన్న బడికీ కిందే ఉండిపోయిన బడికీ ఒకే సున్నా వేస్తే ఎట్లా అని అడిగాను. లెక్క సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, మీరు కూర్చోండి అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫై ఏళ్లకు పైగా పాఠం చెప్పినవాణ్ణి, పిల్లకు చదువొచ్చునో రాదో ఒక యంత్రం రంగు చూసి తెలుసుకోవాలట!

సలోమి టీచర్‌కు సంజాయిషీ మెమో ఇమ్మని నాకు ఆదేశం వచ్చింది. జవాబు నచ్చకపోతే డిప్యుటేషన్ మీద వేరే బడికి పంపుతారు. నేను సంతకం చేయనన్నాను. అయితే ఏం, మెమో పైనుంచే నేరుగా ఆమె చేతికి వెళ్లింది. ఆమె పోతే కాలనీ పిల్లలంతా మళ్లీ వ్యానెక్కుతారు, బడికి తాళం పడుతుంది. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మెమో రాసినవాళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

శాలువా కప్పించుకున్న బడి ఎట్లా ఉందో చూద్దామని మరుసటి వారం రాజేశం సార్ బడికి వెళ్లాను. నాలుగో తరగతిలో సంజన అనే అమ్మాయి నా ముందు కథ చదివింది. అడక్కుండానే గోడ మీది టీకాల పోస్టరు, దాని అడుగున ఉన్న సన్నక్షరాలు కూడా చదివింది. ఒక్క ఏడాదిలో ఇంత ఎట్లా నేర్చుకున్నావమ్మా అన్నాను.

"గీ ఏడు నేర్సుకోలే సార్. నాకు మూడో తరగతిలనే సదువొచ్చు."

మరి జూలైలో కార్డు ఇస్తే ఎందుకు చదవలేదన్నాను. ఇంత చిన్న విషయం ఈ పెద్దసారుకు తెలియదా అన్నట్టు నా ముఖంలోకి చూసింది.

"అప్పుడు సదవద్దు సార్. మా సార్ చెప్పిండు. కార్డు ఇయ్యంగనే కిందికి సూడాలె, ఏం మాట్లాడద్దు. నేనైతె ఒక్క అచ్చరం సుత చెప్పలే. మా దోస్తు నవ్వింది గని నేను నవ్వలే."

బాగా చేశానన్న సంతోషం ఆ పిల్ల ముఖంలో. ఏ గుంపులో కూర్చున్నావంటే, మార్చి దాకా అక్షరాల గుంపులోనే అంది. బోరు కొట్టేదట, కానీ పైకి చదివితే సార్ కోపం చేసేవాడట. అట్లా చదువొచ్చిన పిల్లను ఏడాదంతా అ ఆల దగ్గర కట్టేశారు, తెర మీద ఒక గీత పైకి లేవడానికి. పిల్లల్ని కొట్టిన టీచర్లను చూశాను, బడికి రాకుండా జీతం తిన్నవాళ్లనూ చూశాను. నా సర్వీసులో దేనికీ ఇంత కోపం రాలేదు.

రాజేశం సార్‌ను గదిలోకి పిలిచి గట్టిగానే అడిగాను. ఆయన దాచలేదు.

"నా మీద గరమైతె ఏం ఫాయిద సార్? మీకు పెరుగుదల గావాలె. నేను కింద వెట్టి మీద సూపెట్టిన. ఎవలు చేస్తలేరో జర చెప్పుండ్రి."

మరి మళ్లీ జూలైలో ఈ పిల్లలే అక్షరాల దగ్గర ఆగితే పైవాళ్లు అడగరా అన్నాను. సెలవుల్లో మర్చిపోతారు కదా అని నవ్వాడు. నేను దాన్ని వేళాకోళం అనుకున్నాను, కాదు. పై కార్యాలయంలో దానికి సెలవుల మరుపు అని నిజంగానే పేరు పెట్టి ఉంచారు. మార్చిలో కథ చదివిన పిల్ల రెండు నెలలు మామిడికాయలు తిని వచ్చేసరికి అ ఆలు మర్చిపోతుందట! చదువుకున్నవాళ్లు, పరీక్షలు రాసి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు, ఈ మాటను సమావేశాల్లో ముఖం మీద నవ్వు రాకుండా చెప్పేవాళ్లు.

చూసిందంతా నివేదిక రాసి పంపాను. రెండు బడుల పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టి, బయటివాళ్ల చేత కొత్త కార్డుతో చదివించమని కోరాను. వివరాలు యాప్‌తో సరిపోలినందున విషయం ముగించడమైనది అని జవాబు వచ్చింది. సమీక్షలో మైకు పట్టుకున్న ఆ అధికారే ఫోన్ చేసి, మన జిల్లా పైకి వచ్చింది, ఇప్పుడు కెలకకండి అన్నాడు. పెద్ద మనసు చేసుకుని సలోమి టీచర్‌కు ఇంకో ఏడాది అవకాశం ఇస్తున్నామని, మళ్లీ ఎరుపు వస్తే మాత్రం పంపేస్తామని ఆమెకు చెప్పమన్నాడు. చెప్పాను. ఆమె విని "సరే సార్" అన్నారు.

మరుసటి జూలై నా సర్వీసులో ఆఖరి నెల. బేస్‌లైన్ రోజు ఆమె బడికి వెళ్లాను. పోయిన ఏడాది పిల్లలే ఒక తరగతి ఎక్కి కూర్చున్నారు. సీఆర్పీ మొదటి అమ్మాయికి కార్డు ఇచ్చాడు. అమ్మాయి నేల చూసింది. తర్వాతి పిల్లవాడూ నేల చూశాడు. ఒకమ్మాయి అలవాటుగా ఒక పదం చదివేసి, టీచర్ వైపు చూసి, నోరు మూసుకుంది. సీఆర్పీ తల ఎత్తకుండా ట్యాబ్‌లో నొక్కుతూ పోయాడు. సలోమి టీచర్ బోర్డు పక్కన నిలబడి ఉన్నారు.

వరండాలోకి వచ్చాక, ఇదేంది టీచర్ అన్నాను.

"మీకెరికే గద సార్. నేను పోతె గీ బడి ఉంటదా? పోయిన ఏడు నిజం చెప్తె నిలవెట్టి అడిగిన్రు. ఇగ వాళ్లు అడిగిందే ఇస్త. గుంపులు కాయితం మీదనే, క్లాసుల కథలే సదివిస్త." తరగతి వైపు తిరిగి అన్నారు, "పిల్లలు ఎందుకు సదవద్దు టీచర్ అని అడిగిన్రు సార్. గా జవాబే నాకు దొరకలే. మీరు నా మీద రాస్తె రాయుండ్రి."

రాయలేదు. రాయాల్సినవాళ్ల మీద ముందే రాశాను, అది ముగించడమైనది.

మార్చిలో ఆ బడికి ఆకుపచ్చ రంగు వచ్చింది. నేను అప్పటికి రిటైరయ్యాను కానీ మండలం వాట్సాప్ గ్రూపులో ఇంకా ఉన్నాను. సలోమి టీచర్‌కు శాలువా కప్పుతున్న ఫొటో అందులో వచ్చింది. కింద వరుసగా అభినందనలు.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది చెబుతాను. తేడాకు బహుమానం పెడితే మొదటి అంకెను కిందికి తోస్తారు. దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పైవాళ్లకు తెలియకా కాదు. బడి రంగుతో మండలానికి రంగు, మండలంతో జిల్లాకు రంగు, కాబట్టి ఎవరికీ నిజం అవసరం పడలేదు. టీచరు ఎట్లా చెబుతున్నారో తెలియాలంటే తరగతిలో కూర్చుని వినాలి, అంతకన్నా దగ్గరి దారి నాకైతే కనపడలేదు. మా మండలంలో ఉన్నది ఉన్నట్టు చూపించిన టీచరు ఆమె ఒక్కరే. ఆమెను కూడా సంస్కరించాం.