లూదియా కోరుకున్న ఊరు

లూదియా నంద్యాల టెలిఫోను ఎక్స్చేంజిలో చేరింది డెబ్బయ్యవ దశకం మొదట్లో. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు. తండ్రి ఏలీయా ఆళ్లగడ్డ మిషన్ బడిలో పంతులుగా చేసి, కూతురు పదకొండో తరగతి పాసైన ఏడాదే పోయాడు. గొంతు స్పష్టంగా ఉందని ఆమెకు ఉద్యోగమిచ్చారు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, బోర్డు మీద ఎవరి నంబరు దగ్గర మూత పడితే అక్కడ తీగ గుచ్చి, అడిగినవాళ్ళకు అడిగినవాళ్ళను కలపడం ఆమె పని.

రెండేళ్ళకు జకరయ్యతో పెళ్ళయింది. అతను బేతంచెర్లలో నాపరాళ్ళు కోసే మిషను మీద పనిచేసేవాడు. రాతి దుమ్ము ఛాతీలోకి పోయి దగ్గు పట్టుకుంది. ఆ పని మానకపోతే మనిషి మిగలడని డాక్టరు చెప్పాక ఆళ్లగడ్డకు వచ్చేసి, మామగారు వదిలివెళ్ళిన రెండు గదుల ఇంటి ముందే సైకిళ్ళ రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. పిల్లలు కలగలేదు. సొంత ఇల్లు, కాస్తో కూస్తో నడిచే కొట్టు వదిలి నంద్యాలలో అద్దెకు ఎందుకనుకున్నారు. కాబట్టి రోజూ బస్సు ఎక్కేది లూదియానే.

పొద్దుటి డ్యూటీ అయితే మొదటి బస్సు. సీటు దొరికితే దొరికినట్టు, లేకపోతే పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడే కునుకు తీసేది. వానాకాలంలో వాగు పొంగితే బస్సు ఇవతలే ఆగిపోయేది. దిగి గట్టు మీద కూర్చుని, నీళ్ళు తగ్గేదాకా అవతలి ఒడ్డు చూస్తూ ఉండేది. ఆదివారం గుడిలో ప్రసంగం మొదలయ్యేసరికి ఆమె తల పక్కావిడ భుజం మీద వాలిపోయేది. ఎవరూ లేపేవాళ్ళు కాదు. పాటకు అందరూ లేచి నిలబడినా ఆమె చాప మీద అలాగే గోడకు ఆనుకుని నిద్రపోతూ ఉండేది. రోజంతా మాట్లాడి ఇంటికొచ్చాక మొగుడితో మాట్లాడడానికి ఆమె దగ్గర మాట మిగిలేది కాదు.

అలా పదిహేనేళ్ళకు పైగా గడిచాక నంద్యాలకు డయల్ ఫోన్లు వచ్చాయి. కొత్త బిల్డింగులో ఇనుప బీరువాల్లాంటి యంత్రాలు దించారు. ఇక ఊళ్ళో వాళ్ళకు ఊళ్ళో వాళ్ళను కలిపే మనిషి అక్కర్లేదు. కొంతమందిని పై ఊళ్ళకు కలిపే ట్రంకు కాల్సుకు ఉంచి, మిగిలినవాళ్ళను తలో చోటికి సర్దుతున్నారు. చివరికి ఇద్దరు మిగిలారు: లూదియా, ఆమె పక్క కుర్చీలో కూర్చునే ఉమామహేశ్వరమ్మ. ఆఫీసరు ఇద్దరినీ పిలిచి, “ఖాళీలు రెండే ఉన్నాయమ్మా. హైదరాబాదులో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి. లూదియాగారూ, సీనియరు మీరు. ముందు మీరు కోరుకోండి. సోమవారానికి చెప్పండి” అన్నాడు.

ఉమామహేశ్వరమ్మకు ముగ్గురు పిల్లలు. భర్తకు నంద్యాల బజారులో గాజుల దుకాణం. హైదరాబాదైతే వారానికోసారైనా వచ్చిపోవచ్చు. విశాఖపట్నమైతే పండక్కో పబ్బానికో. అయినా ఆమె నోరు తెరిచి అడగలేదు. “నువ్వు పెద్దదానివక్కా, నీ ఇష్టం” అని బోర్డు వైపు తిరిగిపోయింది.

ఆఫీసులో మద్దిలేటి అనే గుమాస్తా ఉండేవాడు. అతనికి ఇందులో ఆలోచించాల్సిందే కనిపించలేదు. “హైదరాబాదు గాక ఇంగేముందక్కా? ఈడ బస్సెక్కితే తెల్లారేతలికి ఆడుంటావ్. వైజాగంటే మన దేశమే కాదది. మాట గూడా తెలీదు.”

లూదియాకూ మొదట అలాగే అనిపించింది. లైను ఖాళీగా ఉన్నప్పుడు హైదరాబాదు ట్రంకు బోర్డులో పనిచేసే సుందరరాజును గదుల సంగతి అడిగింది. ఏళ్ళ తరబడి మాటలే తప్ప ముఖం తెలియని మనిషి.

“గది కావాలంటే దూరం పోవాలమ్మా. ఎక్స్చేంజి చుట్టుపక్కల మన జీతాలకు దొరకవు. మేమూ ఊరవతలే ఉంటాం. రెండు బస్సులు మారి వస్తా. అలవాటైపోతుందిలే.”

సరేనని లూదియా లైను వదిలేసింది. అలవాటవడానికి ఇంకా ఏం మిగిలిందో ఆమెకు తెలియలేదు.

మర్నాడు ఒక ధాన్యం వ్యాపారికి విశాఖపట్నం కాల్ పడింది. కర్నూలు, విజయవాడ దాటి లైను కలిశాక అవతల అక్కడి ఆపరేటరు నూకరత్నం పలికింది. ఆపరేటర్లు ఒకరినొకరు ఊరి పేరుతోనే పిలుచుకుంటారు.

“ఏటమ్మా నంద్యాలా, గొంతు అలా డీలా పడిపోనాదేటి?”

లూదియా సంగతి చెప్పి, గదులు ఎంత దూరంలో ఉంటాయని అడిగింది.

“దూరమేటి? మా ఈదిలోనే ఓ వాటా ఖాళీగా ఉంది. మేం డ్యూటీకి నడిసే ఎల్తాం. మద్దేన్నం ఇంటికొచ్చి అన్నం తిని మళ్ళీ ఎల్లిపోవచ్చు. వచ్చీయమ్మా.”

ఆ సాయంత్రం జకరయ్య ఒక చక్రానికి గాలి కొడుతుంటే లూదియా వచ్చి గుమ్మం మెట్టు మీద కూలబడింది.

“వైజాగు కోరుకుందామనుకుంటాండా” అంది.

“ఏముందీ ఆడ?”

“డ్యూటీకి నడిచి పోవచ్చంట.”

“అంతేనా?”

“అంతే.”

జకరయ్యకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక భార్య ముఖం చూసి పంపు పక్కన పెట్టాడు.

“సముద్రం గాలికి నీ దగ్గు ఎక్కువైతే?” అంది ఆమె.

“ఆ రాళ్ళ దుమ్ము కంటేనా? నా సంగతి ఇడ్సిపెట్టు. నువ్వు పొయ్యేటప్పుడు సీకటి, వచ్చినాక నిద్ర. నీ మొగం సరింగా చూసి యెన్నేండ్లయిందో నాకే తెలీదు. యాడికైనా నేనొస్తా. సైకిళ్ళు ఆడా ఉంటాయి. వైజాగే అని చెప్పు పో.”

చెప్పాలనుకున్నాక కూడా ఆమెకు సిగ్గుగా ఉండింది. జనం పిల్లల చదువు చూసుకుంటారు, బంధువులను చూసుకుంటారు. తను మాత్రం బస్సు ఎక్కలేక ఊరు ఎంచుకుంటోంది.

సోమవారం ఆమె విశాఖపట్నం అనగానే ఉమామహేశ్వరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

“నా పిల్లోళ్ళ కోసరం నువ్వు అంత దూరం పోతాండావక్కా. ఈ జన్మలో మర్చిపోను.”

“నీ కోసం కాదు ఉమా. బస్సులెక్కీ ఎక్కీ నాకు చాతకావడంలే. ఆడ నడిచి పోవచ్చంట, అందుకే.”

“నువ్వట్లే అంటావులే. నాకు తెల్దా?”

వీడ్కోలు సభలో పూలదండ వేసి, లూదియా త్యాగం గురించి ఆఫీసరు మాట్లాడాడు. ఆళ్లగడ్డ గుడిలో పాస్టరయ్యగారు ప్రార్థనలో ఆ మాటే ఎత్తాడు. కాదని ఆమె ఎంత చెబితే అంత మంచి మనిషన్నారు. చివరికి చెప్పే ఓపిక లేక ఊరుకుంది.

గుంటూరులో బండి మారి, రెండు ట్రంకు పెట్టెలతో విశాఖపట్నంలో దిగారు. ప్లాట్‌ఫారం మీద ఎవరిని వెతకాలో తెలియక నిలబడితే వెనకనుంచి “నంద్యాలా!” అని కేక వినిపించింది. ఆ గొంతును బట్టి భారీ మనిషిని ఊహించుకుంది లూదియా. నూకరత్నం సన్నగా, నెరిసిన జుట్టుతో, ఆమె భుజం దాకా ఉంది.

అక్కడేమీ సుఖాలు వచ్చి పడలేదు. మొదటి వానలకే జకరయ్య దగ్గు ముదిరి చాలా రోజులు మంచం పట్టాడు. చెమటకు ఒంటిమీద బట్ట నిలిచేది కాదు. అతను “యాడ, ఈడ” అంటే వీధిలో వాళ్ళు నవ్వేవాళ్ళు. బోర్డు మీద పని నంద్యాల కంటే ఎక్కువ. కానీ డ్యూటీ దిగి వీధి మలుపు తిరిగితే ఇల్లు. అన్నం తిని పడుకునేది. లేచాక టీ తాగుతూ మొగుడు చెప్పేవి వినేది. తనూ ఒకటీ అరా చెప్పేది.

రెండేళ్ళయ్యాక ఒక రోజు హైదరాబాదు లైనులో ఉమామహేశ్వరమ్మ దొరికింది. గొంతు గుర్తుపట్టడానికి లూదియాకు కాస్త సేపు పట్టింది.

“ఎట్లుండావు ఉమా?”

“ఎట్లుంటానక్కా. ఈడ రెండు బస్సులు. శనివారమొస్తే నంద్యాల బస్సు. పిల్లోళ్ళను చూస్తాననే గానీ, పోయి పండుకుంటా. మళ్ళా వచ్చేస్తా. చిన్నది అడుగుతాది, మాట్లాడమ్మా అని.”

“మార్పించుకోకూడదా?”

“ఎట్ల మార్పించుకునేదక్కా? నువ్వు ఇడ్సిపెట్టి ఇచ్చింది గదా.”

 అవతల ఇంకెవరో లైను అడుగుతుంటే లూదియా తీగ తీసేసింది.

ఇంటికొచ్చి జకరయ్యకు చెప్పింది. అతను ట్యూబుకు అతుకు వేస్తూ, “నువ్వు నిజమే చెప్తివి గదా. ఆయమ్మే ఇనలేదు” అన్నాడు.

“సరింగా చెప్పలేదేమో” అంది లూదియా. “దండ వేస్తాంటే వేయించుకుంటిని.”

మర్నాడు డ్యూటీలో లైను ఖాళీ అయినప్పుడల్లా హైదరాబాదు అడిగింది. మూడోసారికి ఉమామహేశ్వరమ్మ పలికింది. ఈసారి లూదియా మొదటినుంచీ చెప్పుకొచ్చింది: నిలబడి తీసిన కునుకులు, సుందరరాజు చెప్పిన రెండు బస్సులు, తను ఆ ఊరు కాదనుకోవడం. 

“అయితే నాకిచ్చింది నువ్వొద్దనుకున్నదా అక్కా?”

“అవును ఉమా. బేగా అర్జీ పెట్టుకో. నా మొగం చూసి ఆడ ఉండొద్దు.”

ఉమామహేశ్వరమ్మ ముందు నవ్వింది. ఆ తర్వాత ఏడ్చినట్టుంది. అర్జీ పెట్టుకున్న ఏడాదికి ఆమెకు నంద్యాల ట్రంకు బోర్డులోనే చోటు దొరికింది. ఆ తర్వాత ఆమె నోట త్యాగమన్న మాట రాలేదు. లైను కలిసినప్పుడు ఇద్దరూ మామూలు సంగతులు మాట్లాడుకునేవాళ్ళు, ఎక్కువగా మోకాళ్ళ నొప్పుల గురించి.