రెండు సీసాల మీద ఒకే చీటీ

రెండేళ్ల కిందటి చలికాలం. తెనాలిలో రేపల్లె రోడ్డు పక్కన నా మెకానిక్ షాపు. టూ-స్ట్రోక్ బండ్లను ఇంకా పట్టుకుని వేలాడుతున్నవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే అంటారు. నిజమే. వాటి పొగ చూసి ముక్కు మూసుకునేవాళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

ఈ బండి సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. మామూలు బండికి ఇంజన్ ఆయిల్ విడిగా ఒక చోట ఉంటుంది. దీనికి ఉండదు. టూ-టీ ఆయిల్ అని ఒకటుంది, దాన్ని పెట్రోల్లోనే కలిపి పోయాలి. లోపల పిస్టన్‌ను జారేట్టు చేసి, పొగై బయటికి పోయేది అదే. అది తగ్గిందంటే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు అతుక్కుపోతుంది. పుస్తకాల్లో దాన్ని సీజ్ అంటారు. మా షాపుల్లో మాత్రం 'పట్టేసింది' అంటాం.

ఒకరోజు పొద్దున్నే పురుషోత్తం మాస్టారు ట్రాలీ ఆటోలో ఒక బండి వేసుకుని వచ్చారు. రేపల్లెలో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరైన మనిషి. తెల్లటి పంచె, జేబులో రెండు పెన్నులు. ఆటోలో ఉన్నది జపాను డర్ట్ బైక్, అదీ టూ-స్ట్రోకే. ఇసకలోనూ గుట్టల్లోనూ తోలడానికి చేసిన ఎత్తయిన బండి. బాపట్లలో ఎవరి దగ్గరో పాతది కొన్నారట. ఆ అమ్మినాయన దాన్ని సముద్రం ఒడ్డున తోలీ తోలీ, ఉప్పుగాలికి చక్రాల చువ్వలన్నీ తుప్పు పట్టించి, ఇక నా వల్ల కాదని వదిలించుకున్నాడు.

అబ్బాయి కోసమా అని అడిగాను. తనకేనన్నారు. రాజస్థాన్ ఎడారిలో ఆరు రోజులు తిరిగి రావాలట. నేను పంచెకేసీ బండికేసీ చూస్తుంటే ఆయనే చెప్పారు.

"మరుభూమి అంటే ఏంటో ముప్పై ఏళ్లు పిల్లలకి అర్థం చెప్పానయ్యా. ఒక్కసారైనా కాలు పెట్టి చూడలేదు."

ఆ మాటకు నేను పడిపోయాను. బండి దింపించాను.

మర్నాడు రేపల్లె రైల్లో ఆయన భార్య సుభద్రమ్మగారు దిగారు. నెమ్మదస్తురాలు, కానీ అడగాల్సింది మాత్రం సూటిగా అడిగే మనిషి.

"తమ్ముడూ, ఈ బండి దారిలో ఆగుతుందా?"

"ఆగదక్కా. నాది పూచీ."

"ఆగిందంటే ఆయన అక్కణ్ణించే రైలెక్కి ఇంటికొచ్చెయ్యాలి. బండి నువ్వు అమ్మిపెట్టాలి. ఆయన ఒప్పుకున్నారు. మరి నువ్వు?"

ఒప్పుకున్నాను. మాస్టారు మాత్రం హోంవర్కు తేని పిల్లాడిలా టైర్లకేసి చూస్తూ నిలబడ్డారు.

మూడు వారాలు ఆ బండి మీదే కూర్చున్నాను. పిస్టన్, రింగులు మార్చాను, చువ్వలు కొత్తవి వేశాను. బాపట్ల దగ్గర సముద్రపు ఇసకలో మాస్టారి చేత తోలించాను. మూడుసార్లు పడ్డారు, మూడుసార్లూ లేచి నవ్వారు. పడినందుకు కాదుగానీ కిక్ కొట్టీ కొట్టీ మోకాళ్లు నొప్పి పుట్టాయి. దానికి ఇంట్లో మందుందని సుభద్రమ్మగారు ధైర్యం చెప్పారు.

మాస్టారికి ఒక జబ్బుంది. ఇంగ్లీషు మాట నోట పట్టదు. నేను చెప్పే ప్రతి భాగానికీ నోటు పుస్తకంలో ఒక తెలుగు పేరు రాసుకునేవారు. క్లచ్ 'విడుపు', చోక్ 'గాలిమూత', స్పార్క్ ప్లగ్ 'నిప్పుమేకు'. నాకు భలే సరదాగా ఉండేది. షాపుకొచ్చినవాళ్లతో నేనూ రెండు రోజులు విడుపు, గాలిమూత అని మాట్లాడి తిట్లు తిన్నాను.

ప్రయాణానికి ముందు డ్రమ్ములోంచి టూ-టీ ఆయిల్ తీసి ఖాళీ మంచినీళ్ల సీసాలో పోసి ఇచ్చాను. మా పనిలో అందరం చేసేదే. పైన మార్కర్‌తో పేరు రాశాను. దగ్గుమందు సీసా మూత ఒకటి ఇచ్చి, లీటరు పెట్రోలుకు మూడు మూతలని చెప్పాను. ఇది పొయ్యకపోతే పట్టేస్తుందని గట్టిగా హెచ్చరించాను. మాస్టారు తలూపి, నా రాత మీద ఒక తెల్ల చీటీ అంటించి, ముత్యాల్లాంటి అక్షరాలతో 'తైలం' అని రాశారు. చూసి నవ్వాను. అక్కడే ఆపి ఉండాల్సింది. ఆపలేదు, తప్పు నాది.

ఇంటి దగ్గర సుభద్రమ్మగారు కూడా ఒక మంచినీళ్ల సీసా సర్దారు. మోకాళ్లకు రాసుకోవడానికి ఆవిడే కాచిన మందు. ఇది రాసుకోకపోతే పట్టేస్తాయని ఆవిడా గట్టిగానే హెచ్చరించారట. దాని మీద ఆవిడ అంటించిన చీటీలో కూడా ఒకటే మాట: తైలం. రెండూ ముదురాకుపచ్చ రంగు.

బండి రైల్లో పార్సిల్‌గా జోధ్‌పూర్ చేరింది. మాస్టారి పాత శిష్యుడొకడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు, జీపులో వెనకే వస్తానన్నాడు. మొదటి ట్యాంకు నేను ఫోన్‌లో చెప్తుంటే సరిగ్గానే కలుపుకున్నారు. రెండో ట్యాంకు కలిపేటప్పుడు నాకు ఫోన్ చెయ్యలేదు, నేర్చుకున్నానన్న ధైర్యం. మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"పట్టేసిందయ్యా."

"మోకాలా మాస్టారూ, ఇంజనా?"

"మోకాలు మొన్ననే పట్టేసింది. ఇప్పుడు ఇంజను."

ఆయిల్ పోశారా అంటే, కొలిచి మరీ లీటరుకు మూడు మూతలు పోశానన్నారు. అయితే ఎందుకు పట్టేస్తుంది? పొగ ఎలా వచ్చిందో చెప్పమన్నాను.

"తెల్లగా, దట్టంగా. కర్పూరం వాసన. దారిలో ఒంటెలాయన ఒకడు బండికి దణ్ణం కూడా పెట్టాడు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తర్వాత మెల్లగా, మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాను.

"రెండు రోజుల్నించి రాస్తున్నా గుణం లేదు. పైగా పెట్రోలు బంకు వాసన."

అర్థమైంది. నా ఆయిల్ మాస్టారి మోకాళ్ల మీద ఉంది, సుభద్రమ్మగారి మందు ట్యాంకులో ఉంది.

ఇప్పుడు తేలాల్సింది ఒకటే. ఆ మందు దేంతో కాచారు? నువ్వుల నూనె అయితే లోపలంతా జిగురు కట్టి పిస్టన్ గీసుకుపోయి ఉంటుంది, ఇంజన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ సంగతి చెప్పగలిగింది ఒక్క మనిషి. ఎవరికైతే బండి ఆగిందని తెలియకూడదో, ఆవిడే. రేపల్లెకు ఫోన్ చేశాను.

"అక్కా, మీ తైలం దేంతో కాస్తారు?"

"ఏం తమ్ముడూ, నీకూ మోకాళ్లు పట్టేశాయా?"

"అవునక్కా," అన్నాను. నా సర్వీసులో చెప్పిన అబద్ధాల్లో పెద్దది అదే.

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. వావిలాకు దంచిన రసం, కర్పూరం, కాచడానికి ఆముదం. ఆముదం అన్న మాట వినగానే ఫోన్ పట్టుకునే దణ్ణం పెట్టాను. పూర్వం పందేల బండ్లకు ఆముదమే కలిపి తోలేవాళ్లని నాకు పని నేర్పిన గురువుగారు చెప్పేవారు. వావిలాకు, కర్పూరాల పోపుతో మాత్రం ఎవరూ తోలి ఉండరు. అన్ని కిలోమీటర్లు లాగిందంటే ఆముదం పుణ్యమే, దెబ్బ పెద్దది కాదు.

మాస్టారికి ఫోన్ చేసి, ట్యాంకు మొత్తం ఖాళీ చేయించాను. నిప్పుమేకు విప్పి, ఆ కన్నంలో మోకాళ్లకు రాసుకునే సీసాలోంచి రెండు మూతలు పోసి, గంటసేపు బండి జోలికి పోవద్దన్నాను. తర్వాత టాప్ గేర్‌లో వేసి ముందుకూ వెనక్కూ ఊపమన్నాను. గంటన్నర నాకు టీ కూడా దిగలేదు. చివరికి ఫోన్ మోగింది. మాటలేం లేవు, పటపటమని చప్పుడొక్కటే వినిపించింది. మిగిలిన ఆయిల్ పొదుపుగా కలుపుకుని మాస్టారు ఆరు రోజులూ పూర్తి చేశారు.

తిరిగొచ్చిన వారానికి సుభద్రమ్మగారు మాస్టారిని వెంటబెట్టుకుని షాపుకొచ్చారు. నా మోకాళ్ల కోసం ఒక సీసా తెచ్చారు. అది చేతిలోకి తీసుకున్నాక అబద్ధం నిలవలేదు. మొత్తం చెప్పేశాను. బండి ఆగిందక్కా, గంటన్నర ఆగిందని కూడా చెప్పాను. మాస్టారు వెనకాల, సర్వీసుకొచ్చి ఉన్న తన బండి సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు, ఇదే ఆఖరిసారి అన్నట్టు.

ఆవిడ ఒక్కటే అడిగారు.

"ఆగింది ఏ తైలం మీద?"

"మీ తైలం మీదక్కా."

"అయితే బండిదేం తప్పు," అన్నారావిడ. భర్త జేబులోంచి పెన్ను లాగి, నేను పట్టుకున్న సీసా చీటీ మీద 'తైలం' కొట్టేసి, కింద 'మనిషికి' అని రాశారు. మాస్టారు సీటు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఇంజన్ సంగతి కాదు. వస్తువుకు మనం ఏ పేరైనా పెట్టుకోవచ్చు. అది ఎవరి చేతికి పోతుందో వాళ్లింట్లో ఆ పేరు అప్పటికే ఇంకో వస్తువుకు ఉందేమో అడగాలి. ఇప్పుడు నా షాపులో ప్రతి సీసా మీదా 'బండికి' అనో 'మనిషికి' అనో ఉంటుంది. ఆ అబద్ధం ఊరికే పోలేదు, కిందటి చలికాలం నుంచి నా మోకాళ్లు నిజంగానే పట్టేస్తున్నాయి. ఆవిడ పంపే సీసాలు రెండు నెలలకొకటి అయిపోతున్నాయి. రాసుకునే ముందు చీటీ చదువుతాను, చదివాక కూడా ఒకసారి వాసన చూస్తాను.