మా అమ్మ ఎంచిన పుస్తకం

కొత్త పుస్తకాన్ని తెరిచి, ముక్కుకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని "ఆహా, ఏం వాసనండీ!" అనేవారిని చూస్తే నాకు అసహ్యం పుడుతుంది. రాజమండ్రిలో మేము పదిమందిమి కలిసి నెలకొక పుస్తకం చదువుకుంటాము. వచ్చే నెల ఏది చదవాలో తేల్చే రోజున ఈ తంతు తప్పదు. పాపం, వాళ్ళు నిష్కల్మషంగానే ఆనందిస్తారు. నా అసహ్యం వాళ్ళ మీద కాదు.

రామచంద్రపురం దాటాక గౌతమి గట్టున మా ఊరు. మా నాన్న వల వేసేవాడు, మా అమ్మ అప్పాయమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. తొంభైలలో పెద్దలకు అక్షరాలు నేర్పే తరగతులు ఊళ్ళోకి వచ్చినప్పుడు, పొద్దున్నుంచి తిరిగిన కాళ్ళు బారచాపుకుని, పలక ఒళ్ళో పెట్టుకుని, నాలుక చివర పళ్ళ మధ్య కరిచిపట్టి, తన పేరులోని వత్తును మా అమ్మ దిద్దిన తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. తరగతులు ముగిశాక ఆడవాళ్ళంతా కలిసి నెలకొక పుస్తకం చదవాలని సంఘం పెట్టుకున్నారు. రైతు కుటుంబానికి చెందిన రత్నమ్మగారు దానికి పెద్ద. ఆవిడ వసారాలో చాపలు పరిచేవారు, కొబ్బరి లౌజులు, నువ్వుండలు, వేయించిన మినప్పిండి వాసన, పక్క గాదెలోంచి వచ్చే ధాన్యపు దుమ్ము, వీటన్నిటి మధ్య తొమ్మిదో తరగతి చదువుతున్న నేను కూర్చుని పైకి చదివేదాన్ని. తరువాత ఆ ఒక్క ప్రతే రెండు రోజులకొక ఇంటికి తిరిగేది. పుస్తకాన్ని ఎంచే వంతు నెలకొకరిది.

మా అమ్మ వంతు కార్తీకమాసంలో వచ్చింది. ఆ నెల ఊళ్ళో సగం ఇళ్ళలో నీసు ముట్టరు గనుక గంప మూలన బోర్లించి ఉండేది, ఆమెకు తీరిక దొరికేది. గ్రంథాలయం నుంచి నేను ఒక్కొక్క పుస్తకమే తెచ్చి మొదటి పుటలు చదువుతుంటే, ఆమె చిరిగిన వలకు ముళ్ళు వేస్తూ వినేది. ఆమె పరీక్ష ఒక్కటే: చేతులు ఆడుతున్నంతసేపూ అది పనికిరాని పుస్తకం. ఎనిమిది పుస్తకాలు అలా పోయాయి. తొమ్మిదోది, పడవ నడిపే ఒక విధవరాలి కథ. రెండో పుటలోనే దారం ఆగిపోయింది.

"ఆగే అక్కడ. మల్లీ సదువు," అంది. "ఇదేనే. ఈవిడ సంగతేంటో ఆళ్ళంతా ఇనాలి."

సగం దాకా చదివించుకుంది. మిగతా సగం అందరితో కలిసి వింటానంది. సమావేశం నాడు కుంకుడురసంతో మోచేతుల దాకా రుద్దుకుని, పసుపు రాసుకుని, ఉతికిన తువ్వాలులో పుస్తకాన్ని చుట్టి తెచ్చింది.

రత్నమ్మగారు తువ్వాలును కొనవేళ్ళతో విప్పారు.

"ఏమే అప్పాయమ్మా, ఏ గంపలో పెట్టి తెచ్చావే దీన్ని? కార్తీకమాసం కదండీ, దేవుడి గదున్న ఇళ్ళలో దీన్ని ఎక్కడ పెట్టుకుంటామండి?"

చుట్టూ నవ్వులు. "గంప కడిగి బోర్లించి పది రోజులైందండి," అంది మా అమ్మ, తనూ నవ్వుతూనే. వరసన కూర్చున్న, మాకు అక్షరాల తరగతులు చెప్పిన పంతులమ్మగారు, "నాకేం వాసన రావట్లేదండి రత్నమ్మగారూ," అని మెల్లగా అన్నారు. అప్పుడు రత్నమ్మగారు పుస్తకం నా ముందుకు చాచారు.

"చదువుకుంటున్నదానివి, అబద్ధం చెప్పవు. నువ్వు చూసి చెప్పవే."

నేను వాసన చూశాను. పాత కాగితం, కుంకుడుకాయ, కొంచెం పసుపు. అంతే. నా పక్కన శుభ్రమైన పరికిణీలు కట్టుకున్న ఆ ఇంటి పిల్లలు నా ముఖంలోకే చూస్తున్నారు.

"వస్తోందండి," అన్నాను.

ఆ నెలకు రత్నమ్మగారు తమ అలమారలోంచి వేరే పుస్తకం తీశారు. దాన్ని కూడా నేనే చదివాను, ఒక్క మాట తడబడకుండా. చదివాక ఇచ్చిన లౌజును తిన్నాను కూడా. ఆ తీపి తలచుకుంటే ఈనాటికీ నోరంతా జిగటగా, రోతగా అవుతుంది.

గట్టు మీద నడుస్తుండగా మా అమ్మ పుస్తకాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టింది. "పోన్లే. పై సదువులకెల్లాలన్నా ఆళ్ళ మాట సాయం కావాలి నీకు," అంది. తిట్టి ఉంటే బాగుండేది. నా అబద్ధానికి ఆమే ఒక కారణం వెతికి ఇచ్చింది. మా ఇంట డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే, ఆ మాట సాయంతోనే. పుస్తకంలోని మిగతా సగం చదివి వినిపిస్తానని ఎన్నిసార్లు అడిగినా వద్దంది. ఆమె సంఘానికి మళ్ళీ వెళ్ళలేదు.

ఆ వసారా ఇప్పుడు లేదు, అక్కడ ఎరువుల గోదాము వచ్చింది. చాపల మీద కూర్చుని ఒక్క ప్రతి కోసం వంతులు వేసుకున్న ఆడవాళ్ళలో సగంమంది లేరు. పోయిన నెల మా అమ్మను బ్యాంకుకు తీసుకువెళ్ళాను. గుమాస్తా కాగితం ముందుకు జరిపి, "సంతకం పెడతారామ్మా?" అని అడిగాడు.

మా అమ్మ నా వైపు చూడలేదు.

"రాదండి," అని బొటనవేలు చాచింది.

ఆమెకు వచ్చునని చెప్పవలసిన మనిషిని పక్కనే ఉన్నాను. సిరా డబ్బా మూత తీసి, ఆమె ముందుకు జరిపాను.