మావ నాడి

మా మావ పోయిన కబురు నాకు బడిలో, మూడో పీరియడ్‌లో పాఠం చెబుతుండగా తెలిసింది. పొద్దున గడ్డం గీసుకుంటూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. నీళ్ళలో కాదు, ఇంట్లోనే. అందుకు ఊరట పడాలో ఏం చెయ్యాలో తోచక, చేతిలో సుద్దముక్కతోనే నౌపడ స్టేషను దాటి వాళ్ళింటికి నడిచాను.

మావ మా అమ్మకు అన్న. రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఉప్పు మడుల వెనక ఏటిలో నాకు ఈత నేర్పింది ఆయనే. "నీటిని బాదకురా, అడిగి దారి తీసుకో" అనేవాడు. నీళ్ళంటే నాకు భయం పోయిందంటే ఆయన చలవే.

పోయినేడు రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోతే, మద్రాసు తీసుకెళ్ళి గుండెను కొట్టించే మిషను పెట్టించాం. పేస్‌మేకర్ అంటారు. దేశానికే కొత్తగా వచ్చింది, మా వైపు ఎవరూ దాని పేరైనా వినలేదు. బూట్‌పాలిష్ డబ్బా అంత ఉంటుంది, పొట్ట చర్మం కింద పెడతారు. రోజూ నాడి చూడమన్నారు. నిమిషానికి డెబ్భై ఉండాలి. తగ్గితే బ్యాటరీ అయిపోతున్నట్టే, వెంటనే బయల్దేరి రావాలన్నారు.

ఊరు చేరిన మూడు నెలలకే మళ్ళీ ఈతకు వెళ్తానన్నాడు. అత్త ఏడ్చింది, తిట్టింది, చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. దిగేముందూ, గట్టెక్కాకా నేను నాడి లెక్కపెట్టాలి. ఆవిడకు గడియారం చూడటం రాదు. ఏటిలో జనం ఆ మిషను కరెంటు కొడుతుందని ఆయనకు దూరంగా జరిగేవారు. మావ కావాలనే వాళ్ళవైపు ఈదేవాడు.

ఆ గుండె నాకెప్పుడూ అర్థం కాలేదు. కూర్చున్నా డెబ్భయ్యే, ఏరు ఈదొచ్చినా డెబ్భయ్యే.

"ఇంత ఈదితే దడదడలాడాలి గదరా. ఇదేటి, గుమస్తానాగ కొట్టుకుంటన్నాది? నానలిసిపోనానో నేదో నాకే తెల్దు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, చెయ్యి మాత్రం నా చేతిలోంచి తీసేవాడు కాదు. భయపడుతున్నాడేమో తెలుసుకుందామన్నా ఆ నాడి చెప్పేది కాదు.

పోవడానికి నాలుగు రోజుల ముందు, దిగేముందు లెక్కపెడితే అరవై ఆరు వచ్చింది.

"తప్పు లెక్కెట్టావు. మళ్ళీ సూడు" అన్నాడు.

మళ్ళీ చూశాను. డెబ్భై.

"సూసేవా. మీ అత్తకి సెప్పకు, ఏటికి రానివ్వదు" అని నీళ్ళలోకి దిగిపోయాడు. నేను చెప్పలేదు. ఆ తర్వాతా డెబ్భయ్యే వచ్చింది. వచ్చిందో, వచ్చేదాకా లెక్కపెట్టానో ఇప్పుడు చెప్పలేను. నా నోరు కట్టేసి పోయాడని ఆయన మీద కోపంగానూ ఉంది. ఇది చదివే డాక్టర్లెవరైనా ఉంటే ఏమంటారో తెలియదు.

పదో రోజు స్నానాలకు అదే ఏటికి వెళ్ళాం. మోకాలి లోతులో నిలబడి అత్త నన్ను అడిగింది.

"ఎప్పుడేనా తగ్గినాదేటిరా?"

"ఒకపాలి అరవయ్యారొచ్చినాదత్తా. మళ్ళీ సూస్తే డెబ్భై."

"మరి ఏది నిజం?"

"తెల్దత్తా."

ఆవిడ నా మణికట్టు పట్టుకుని గట్టువైపు నడిచింది. కోపంతో అంత గట్టిగా పట్టుకుందో, కాలు జారకుండా పట్టుకుందో తెలియలేదు. గట్టెక్కాక కూడా వదల్లేదు.