ఇటుకల ఆటలో పేరు లేని వరుస

నిజామాబాద్ యార్డులో పసుపు కొనే చిన్న ఆఫీసు మాది. ఈ రోజు అక్కడ పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టారు. పాతది డొక్కు డబ్బా అని మెకానిక్, అలాంటివి ఇక రావని నేను పొద్దున్నుంచీ వాదించుకున్నాం. నిజానికి నా బాధంతా అందులోని ఇటుకల ఆట గురించి. పైనుంచి పడే ఇటుకలను సందు లేకుండా పేర్చాలి. స్కోర్ల జాబితాలో రెండో స్థానం నుంచి కిందిదాకా నా పేరే. మొదటి స్థానంలో మాత్రం పేరు లేకుండా ఓ పెద్ద స్కోరు ఉండేది.

మెకానిక్ పాత కీబోర్డు ఎత్తి చూశాడు. "సార్, గీ నాలుగు బాణాల బటన్లకే పసుపు అంటిందేంది?"

గుమ్మం దగ్గర ఊడుస్తున్న నర్సవ్వ చీపురు వదిలేసింది. యార్డులో పసుపు ఏరుతుంది, మధ్యాహ్నం మా ఆఫీసు ఊడుస్తుంది.

"తప్పైంది సారూ. మీరు బువ్వకు పోయినప్పుడు ఆడిన. ఆఖర్ల పేరు అడుగుతది గద, నాకు రాయరాదు. ఉత్తగనే ఒత్తి ఇడిసిపెట్టిన. రెండుసార్లు నా లెక్క మొత్తం పోయింది. మల్ల మొదటికెల్లి ఆడి తెచ్చుకున్న."

నేను కోప్పడలేదు. కొత్తదాంట్లో కూడా ఆ ఆట ఎక్కించమని మెకానిక్‌కు చెప్పాను.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. ఆ పేరు లేని వరుస మిషన్ తప్పనుకుని, రెండుసార్లూ జాబితా తుడిచేసింది నేనే. ఎదురుగా నిలబడి ఆ మాట చెప్పే ధైర్యం నాకు రాలేదు. మీకైతే వచ్చేదా?