సంత ఫోటోలో కదలని చెయ్యి

మా చిన్నప్పుడు మన్యంలోని ముంచింగిపుట్టు సంతకెళ్తే మా అవ్వ, అంటే నాన్న తల్లి, నా చెయ్యి వదిలేది కాదు... ఒకరోజు చింతపండు బుట్ట దించుతుంటే, కింద మైదాన ప్రాంతం నుంచి వచ్చిన ఫోటోల మనిషి మా ఎదురుగా మూడు కాళ్ళ మీద పెట్టె నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చాడు.

అంతే... అవ్వ కొయ్యబారిపోయింది. పులి పేరు చెప్పినా బెదరని మనిషి, చేతిలో బుట్ట అలాగే పట్టుకుని ఆ పెట్టెనే చూస్తోంది. అమ్మో... ఏమిటో తెలియకుండానే నాకు ఏడుపొచ్చేసింది.

"కదలకు గుంటా. అది సూస్తంది" అంది, పెదవులు కదపకుండా.

ఇంటికొచ్చాక పొయ్యి దగ్గర కూర్చుని చెప్పింది. 1920ల్లో, తను చిన్నపిల్లప్పటి సంగతి. రోడ్డు పనికి మనుషుల్ని బలవంతంగా పట్టుకుపోయే రోజులవి... కొండల్లో తుపాకులతో పోలీసులు తిరిగేవారట. ఇదే సంతలో ఒక తెల్లదొర ఇలాగే పెట్టె నిలబెట్టాడు. కెమెరా అంటే ఎవరికి తెలుసు? కొత్తరకం తుపాకీ అనుకున్నారు. సంత సంతంతా అడవిలోకి పరుగు...

అవ్వ మాత్రం పరుగెత్తలేదు. వీపున గుడ్డతో కట్టిన తమ్ముడున్నాడు. పైగా పులి ఎదురైతే కదలకూడదని, చూపు తిప్పకూడదని వాళ్ళ నాన్న నేర్పాడు. అందుకే ఆ పెట్టెను రెప్పవాల్చకుండా చూస్తూ నిలబడిపోయింది. ఆ తర్వాతేం జరిగిందో గుర్తులేదట... తెలివొచ్చేసరికి అడవిలో తల్లి ఒడిలో ఉంది.

వెంటనే వెనక్కొచ్చి ఎత్తుకొచ్చానని తల్లి చెప్పేది. ఊళ్ళోవాళ్ళేమో, మీ అమ్మ అందరికంటే ముందే పారిపోయింది, దొర వెళ్ళాకే నీకోసం వచ్చింది అని ఆటపట్టించేవారు. వాళ్ళకది వేళాకోళం... అవ్వకి మాత్రం అది మనసులో ముల్లులా ఉండిపోయింది.

"మాయమ్మ నన్నొగ్గీసి ఎల్లిపోనాదేటో... నాకు తెల్దు" అంది పొయ్యిలోకి చూస్తూ. ఆ మాట విన్నాక చాలా రోజులు నేను మా అమ్మ కొంగు వదల్లేదు.

మొన్న ఫేస్‌బుక్‌లో ఎవరో 'అప్పుడు, ఇప్పుడు' అని మా సంత ఫోటోలు రెండు పక్కపక్కన పెట్టారు. కొత్తదాంట్లో సెల్ టవర్, జీపులు, రేకుల షెడ్లు... పాతదాంట్లో పూరిపాకలు. వెనకున్న కొండ ఒక్కటే మారలేదు. పాత ఫోటో నిండా పొగలాంటి మసకలు... కామెంట్లలో పిల్లలు దెయ్యాలంటూ నవ్వుకుంటున్నారు. దెయ్యాలు కాదు నాయనా, ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెడుతున్న మా వాళ్ళు. కదిలిన మనిషి ఆ కాలం కెమెరాకి అలాగే పడేవాడు.

మధ్యలో ఒక్క పిల్ల మాత్రం స్పష్టంగా ఉంది. వీపున బిడ్డ... సూటి చూపు. మా అవ్వే. ఫోటో పెద్దది చేయబోయి ఆగాను... ఆ పక్కన ఎవరూ కనబడకపోతే?

పిల్ల పక్కనే ఒక మసక ఉంది. ముఖం తెలియదు, ఒళ్ళు తెలియదు. కానీ పిల్ల భుజాన్ని గట్టిగా పట్టుకున్న చెయ్యి ఒకటుంది... అది మాత్రం కదల్లేదు. మణికట్టుకు మెలితిప్పిన జంట కడియాలు. తల్లి పోయాక అవి అవ్వ చేతికొచ్చాయి. చిన్నప్పుడు నేను తిప్పుతూ ఆడుకున్న కడియాలే అవి.

ఇప్పుడు అదే చోట అందరూ ఫోన్లెత్తి నవ్వుతూ ఫోటోలు దిగుతున్నారు. భయపడేవాళ్ళెవరూ లేరు... ఇది చూపిద్దామంటే అవ్వా లేదు. మీ ఊరి పాత ఫోటోలుంటే మీరూ పెట్టండి... పెట్టేముందు అందులోని మసకల్ని కూడా ఒకసారి దగ్గరగా చూడండి.

మీ అమ్మ నిన్నొగ్గీలేదే, అవ్వా...